ఎదుటి మనిషి లెక్కలు

పుస్తకాలు చదివితే మనిషి మంచివాడవుతాడనే మాట మనం చిన్నప్పటి నుంచి వింటూ వస్తున్నదే. సాహిత్యం ఎందుకు అని ఎవరైనా నిలదీసినప్పుడు అందరికీ ముందుగా తోచే సమాధానం కూడా ఇదే: కథలూ నవలలూ మనకు ఇతరుల బాధను తెలియజేస్తాయి, ఆ బాధ తెలిసినవాడు దయగా నడుచుకుంటాడు. ఈ వాదంలో మొదటి సగాన్ని నేను నమ్ముతాను. అనుమానమంతా రెండో సగం మీదనే. విస్తారంగా చదివి, చదివినదాని గురించి అందంగా మాట్లాడి, తమ కింద పనిచేసేవాళ్ళతో మాత్రం కర్కశంగా ప్రవర్తించేవాళ్ళు ప్రతి కాలంలోనూ ఉన్నారు. వాళ్ళు సరిగ్గా చదవలేదని తప్పించుకోవచ్చు గానీ, అలా అన్నప్పుడు ఇక ఏ ఉదాహరణా మన వాదాన్ని కదిలించలేదు, కదిలించలేని వాదానికి విలువా ఉండదు.

దీన్ని ప్రయోగశాలలో తేల్చాలని ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. 2013లో కిడ్, కస్తానో అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. కాసేపు సాహిత్య విలువ ఉన్న కథాభాగాలు చదివినవాళ్ళు, ముఖంలో కళ్ళు మాత్రమే కనిపించే ఫొటోలను చూసి ఆ మనిషి మనోభావాన్ని ఊహించే పరీక్షలో కొంత మెరుగ్గా రాణించారని దాని సారాంశం. సాహిత్యాభిమానులకు ఇంతకన్నా తీపి కబురు ఏముంటుంది? ఆ వార్త లోకమంతా తిరిగింది. తరువాత, 2010 నుంచి 2015 వరకు 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన 21 సామాజికశాస్త్ర ప్రయోగాలను మరింత పెద్ద బృందాలతో మళ్ళీ చేసి చూసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. 13 ప్రయోగాలు నిలబడ్డాయి. నిలబడనివాటిలో ఇదీ ఒకటి. ఈ రెండో వార్త మొదటిదానంత దూరం తిరగలేదు.

నాకు ఆ ఫలితం వల్ల నిరాశ కలగలేదు. నాలుగు పేజీలు చదవగానే మనిషిలో మార్పు కొలతకు అందాలని ఆశించడం మందు మోతాదు గురించి మాట్లాడినట్టే ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, మంచి సాహిత్యం చేసే పని ఫొటోలో కళ్ళను చూసి భావాన్ని గుర్తుపట్టే పనికి చాలా భిన్నమైనదని నా అభిప్రాయం. అక్కడ మనం బయట నిలబడి చూస్తున్నాం, ఊహిస్తున్నాం, మన ఊహకు మార్కులు పడుతున్నాయి. చదువుతున్నప్పుడు ఆ బయట నిలబడటమే పోతుంది.

'నేనే అతని స్థానంలో ఉంటేనా' అని మనం తరచుగా అంటూ ఉంటాం. ఆ మాటలో ఒక మోసం ఉంది. అతని స్థానంలోకి 'నేను' వెళుతున్నాను; నా చదువు, నా భయాలు, నాకు అలవాటైన సుఖాలు అన్నీ మూటగట్టుకుని వెళుతున్నాను. అక్కడికి చేరి కష్టపడేది నేనే గాని అతను కాదు. అందువల్లనే నాకు భరించరానివిగా కనిపించే విషయాలు అతనికి రోజువారీ సంగతులు కావచ్చుననీ, నాకు కంటికే ఆనని చిన్న విషయం దగ్గర అతను రాత్రంతా నిద్ర లేకుండా గడుపుతూ ఉండవచ్చుననీ నాకు తట్టదు. తన జీవితం ఎంత దుర్భరమైనదో ఎవరూ ఉదయం నుంచి సాయంత్రం దాకా తలచుకుంటూ కూర్చోరు. ఏ జీవితమైనా లోపలి నుంచి చూస్తే పనులు, లెక్కలు, పంతాలు, వాయిదాలు, చిన్నచిన్న గెలుపులు. ఆ లెక్కలను మన చేతికిచ్చే రచనే నా దృష్టిలో మంచి రచన.

చాసోగా మనకు తెలిసిన చాగంటి సోమయాజులు 'ఎంపు' అనే చిన్న కథ రాశారు. ముష్టెత్తుకుని బతికేవాళ్ళ మధ్య ఒక పెళ్ళి మాట అందులోని విషయం. పిల్లకు ఒక కుంటివాడి మీద మనసుంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, ఎందుకంటే గుడ్డివాడికి రాబడి ఎక్కువ. ఇంతే కథ. ఈ వస్తువు ఒక సాధారణ రచయిత చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు: వానలో తడిసే గుడిసె, ఆకలి, మేడ మీద నుంచి కసురుకునే ధనికుడు, చివర ఒక కన్నీటిబొట్టు. చాసో అవేవీ ముట్టుకోలేదు. కూతురు సుఖపడాలని కోరే ఏ తండ్రి అయినా వరుడి ఆస్తి, ఉద్యోగం, నిలకడ చూసినట్టే ఈ తండ్రి కూడా చూస్తున్నాడు. అతని తర్కంలో లోపం పట్టుకోవాలని పాఠకుడు ప్రయత్నిస్తాడు, దొరకదు. కాసేపటికి మనమూ అతనితో పాటు కూడికలు వేయడం మొదలుపెడతాం.

ఇంకా లోతుగా చూస్తే, ఆ కథలో మనం కూడా ఉన్నాం. గుడ్డివాడి గిన్నెలో ఎక్కువ డబ్బులు పడటానికి కారణం దారిన పోయేవాళ్ళకు అతన్ని చూస్తే ఎక్కువ జాలి కలగడమే. దారిన పోయేవాళ్ళంటే మనమే. అంటే పాఠకుడు ఎంతో ఉదాత్తమైనదనుకుని కథలోకి వెంట తెచ్చుకున్న జాలి, ఆ తండ్రి ఖాతాలో ముందుగానే అంచనా కట్టిన ఒక పద్దు. ఎవరిని చూస్తే ఎంత జాలిపడతామో మనకన్నా అతనికే బాగా తెలుసు. నేను చదివిన కథల్లో పాఠకుణ్ణి ఇంత నిశ్శబ్దంగా అతని పీఠం మీద నుంచి దించినవి తక్కువ. రచయిత మనల్ని తిట్టలేదు, సిగ్గుపడమనలేదు. అవతలి వైపు నుంచి మనం ఎలా కనిపిస్తామో చూపించి ఊరుకున్నాడు.

జాలి మీద ఎందుకింత కోపమని ఎవరైనా అడగవచ్చు. కోపం లేదు, జాలి లేని లోకం కన్నా ఉన్న లోకమే నయం. కాని సాహిత్యంలో జాలి తరచుగా దూరాన్ని కాపాడే పరికరంగా పనిచేస్తుంది. అమెరికాలో నల్లవారి బానిసత్వానికి వ్యతిరేకంగా 1852లో పుస్తకంగా వచ్చిన హారియట్ బీచర్ స్టోవ్ నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' లక్షలమందిని ఏడిపించింది, రాజకీయంగా గొప్ప పనే చేసింది. అయినా 1949లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ ఒక వ్యాసంలో ఆ నవలను నిర్దాక్షిణ్యంగా విమర్శించాడు. అతిగా ప్రదర్శించే భావోద్వేగం నిజాయితీ లేకపోవడానికి గుర్తు అనీ, అటువంటి నిరసన నవలలు మనిషిని మనిషిగా కాక ఒక కోవకు చెందిన నమూనాగా మార్చేస్తాయనీ అతని వాదన. స్టోవ్ విషయంలో అతను కొంత కఠినంగానే ఉన్నాడని నాకనిపిస్తుంది, ఎందుకంటే ఆ కాలంలో ఆ పుస్తకం చేయవలసిన పని వేరు. కాని ఏడ్చి పుస్తకం మూసిన పాఠకుడికి తన మంచితనం మీద నమ్మకం పెరగడం తప్ప మరేమీ జరగకపోవచ్చుననే హెచ్చరిక మాత్రం ఇప్పటికీ నిజమే. బాధితుడు ఎంత సాధువుగా, ఎంత నిర్దోషిగా ఉంటే అంత సులువుగా ఏడుస్తాం. అతనికి దురుసుతనం, స్వార్థం, హాస్యం ఉంటే మన ఏడుపు తడబడుతుంది. అలా తడబడిన చోటనే ఆ మనిషి మనకు కనిపించడం మొదలవుతుంది.

ఇదంతా ఎలా సాధ్యమవుతుంది? రచయితల సహృదయత వల్ల అంటే సగం సమాధానమే. వాక్యం ఎలా కట్టారన్నదాని మీదనే చాలా వరకు ఆధారపడి ఉంది. ఒక చిన్న ఉదాహరణ నేనే కల్పిస్తాను: 'ఆమె గడప దాటి బయటికి వచ్చింది. వాన పడేలా ఉంది. పడితే పడనీ, ఈ ఇంట్లో ఇంకొక్క క్షణం కూడా ఉండేది లేదు.' మొదటి వాక్యం కథకుడిది. మూడోది ఆమె మనసులోది. రెండోది ఎవరిది? వాన పడేలా ఉందని చెప్పింది కథకుడా, ఆకాశం వైపు చూసిన ఆమెనా? తేల్చలేం. ఎక్కడా 'అనుకుంది' అనే మాట లేదు. ఆ మాట ఉంటే అది ఆమె ఆలోచన అని గుర్తుంచుకుని, మన ఆలోచనను పక్కన వేరుగా పెట్టుకునేవాళ్ళం. అది లేకపోవడంతో ఆమె కోపం మన గొంతుతోనే మనలో పలుకుతుంది. కథకుడి మాట ఎక్కడ ఆగి పాత్ర మనసు ఎక్కడ మొదలైందో తెలియకుండా చేసే ఈ పద్ధతి ఆధునిక కథాసాహిత్యానికి దొరికిన గొప్ప సాధనాల్లో ఒకటి.

ఇది ఎంత శక్తిమంతమైనదో తెలియాలంటే ఒక కోర్టు కేసు గుర్తు చేసుకోవాలి. 'మదాం బొవారీ' నవల ప్రజల నీతికీ మతానికీ భంగకరమని ఫ్రాన్స్ ప్రభుత్వం 1857లో దాని రచయిత ఫ్లాబేర్ మీద కేసు నడిపింది. ప్రభుత్వ న్యాయవాది ఎర్నెస్ట్ పినార్ వాదనలో ముఖ్యమైన అభ్యంతరం ఒకటి నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది: ఈ పుస్తకంలో ఆ స్త్రీని ఖండించగలవాళ్ళు ఎవరున్నారు? భర్త ఖండించడు, ఊరు ఖండించదు, కథకుడూ ఖండించడు. నవలా నాయిక ఎమ్మా తన పరపురుష సంబంధం గురించి పొంగిపోతున్నప్పుడు ఆ పొంగును వర్ణించే వాక్యాలు ఆమెవో, రచయితవో పినార్‌కు తెలియలేదు. రచయితవే అనుకున్నాడు. ఫ్లాబేర్ నిర్దోషిగా బయటపడ్డాడు. నా వరకు నాకు, ఆ నవలను అత్యంత శ్రద్ధగా చదివిన తొలి పాఠకుల్లో ఆ న్యాయవాది ఒకడని అనిపిస్తుంది. తీర్పు చెప్పే కుర్చీ ఖాళీగా ఉందని అతను సరిగ్గానే గమనించాడు, భయపడ్డాడు కూడా. పాఠకులు ఎమ్మాతో పాటు సంతోషిస్తారని అతనికి అర్థమైంది.

ఇక్కడ ఒప్పుకోక తప్పని సంగతి ఒకటుంది. ఈ సాధనం మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ సమానంగా పనిచేస్తుంది. 1866లో వెలువడిన దొస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష'లో రస్కోల్నికోవ్ ఇద్దరు స్త్రీలను గొడ్డలితో చంపి, ఇంకా ఆ గదిలోనే ఉండగా బయట మనుషులు వచ్చి తలుపు లాగుతారు. లోపలి గొళ్ళెం కదులుతూ ఉంటుంది. ఆ పేజీల్లో పాఠకుడు ఎవరి పక్షాన ఊపిరి బిగబడతాడు? చనిపోయినవాళ్ళ పక్షాన కాదు. తలుపు తెరుచుకోకూడదని, అతను ఎలాగో బయటపడాలని కోరుకుంటాడు. పది పేజీల ముందు ఎవరైనా మనల్ని అడిగి ఉంటే హంతకుడు దొరికిపోవాలనే చెప్పి ఉండేవాళ్ళం. కాబట్టి ఇతరుల జీవితంలోకి ప్రవేశించడమంటే ధర్మం వైపు ఒక అడుగు వేయడమేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది అనుభవం మాత్రమే. దానితో ఏం చేయాలన్నది పుస్తకం మూశాక మొదలయ్యే వేరే పని. ఆ నవల కూడా తరువాతి వందల పేజీలు ఆ పనికే కేటాయించింది.

మనకు భిన్నమైన జీవితం అనగానే వేరే కులం, వేరే దేశం, వేరే కాలం గుర్తుకొస్తాయి. వాటన్నిటికన్నా దూరంగా ఉండే జీవితం మరణానికి దగ్గరైన మనిషిదేమో. 1886లో ప్రచురితమైన టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' మొదలయ్యే తీరు చూడండి. ఇవాన్ ఇల్యీచ్ చనిపోయాడనే వార్తను సహోద్యోగులు పత్రికలో చూస్తారు. అతని ఖాళీలోకి ఎవరు వెళతారు, దాని వల్ల ఇంకెవరికి ప్రమోషన్ వస్తుంది అన్నది వాళ్ళకు మొదట కలిగే ఆలోచన. చనిపోయింది తాము కానందుకు లోలోపల కాస్త హాయి. పరామర్శకు వెళ్ళిన ప్యోత్ర్ ఇవానొవిచ్ ఎంతసేపు ఉండాలో తెలియక ఇబ్బందిపడి, తరువాత పేకాటకు సమయానికే చేరుకుంటాడు. టాల్‌స్టాయ్ కథను ఇక్కడ ఎందుకు మొదలుపెట్టాడు? ఒకరు పోయారని విన్నప్పుడు మనం నిజంగా నిలబడి ఉండే చోటు అదే కాబట్టి. ముందు మనల్ని మన చోటనే కూర్చోబెట్టి, తరువాత వెనక్కి తిప్పి, చనిపోయిన ఆ మనిషి లోపలికి అంచెలంచెలుగా తీసుకువెళతాడు. తర్కశాస్త్ర పుస్తకంలో 'కైయస్ మనిషి, మనుషులు మరణిస్తారు, కనుక కైయస్ మరణిస్తాడు' అని చదువుకున్నది కైయస్ విషయంలో సరైనదేనని ఇవాన్ ఇల్యీచ్ అనుకుంటాడు. కాని తాను కైయస్ కాదు, తల్లి ముద్దుచేసిన చిన్న వాన్యా. అందరికీ తెలిసిన సత్యమొకటి ఒక మనిషికి ఎలా కొత్తగా, అన్యాయంగా, నమ్మశక్యం కాకుండా కనిపిస్తుందో ఆ పేజీలో ఉంది. వైద్యగ్రంథం ఆ జబ్బు గురించి ఎంతైనా చెప్పగలదు, ఈ ఒక్కటి తప్ప.

అదే రచయిత 'ఖోల్స్తొమేర్' అనే కథలో ఒక గుర్రం చేత తన జీవితం చెప్పిస్తాడు. మనుషులు 'నాది' అనే మాటను ఎందుకంతగా ప్రేమిస్తారో ఆ గుర్రానికి అర్థం కాదు; తనను ఎన్నడూ ఎక్కనివాడు, తనకు మేత వేయనివాడు కూడా 'నా గుర్రం' అంటున్నాడు. ఆస్తి అనే ఏర్పాటును అంత వింతగా చూడటానికి గుర్రమే కావలసివచ్చింది. జంతువు మనసు నిజంగా అలా ఉంటుందా అంటే ఉండదనే అనుకుంటాను. ఇక్కడ రచయిత గుర్రాన్ని వాడుకున్నది మనల్ని మనకు పరాయివాళ్ళుగా చూపించడానికి.

జంతువుల విషయంలో నాకు ఇంతకన్నా నమ్మదగినదిగా తోచేది కేశవరెడ్డి నవలిక 'అతడు అడవిని జయించాడు'. పందులు మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది తిరిగి రాకపోతే దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి వెళతాడు. ఒక్క రాత్రి కథ. పందుల పెంపకాన్ని ఎన్నడూ దగ్గరగా చూడని పాఠకుడు, దాన్ని అసహ్యించుకునే వాతావరణంలో పెరిగిన పాఠకుడు కూడా, ఆ పంది పిల్లలకు ఏమవుతుందోనని ఆ రాత్రి ముసలివాడితో పాటే మేలుకుని ఉంటాడు. ఇది ఎలా జరిగింది? ఆ నవలికలో ముసలివాడి మీద సానుభూతి పలికే వాక్యం కోసం వెతకడం వృథా. ఉన్నదంతా అతని పనితనం: ఏ చప్పుడుకు అర్థమేమిటి, ఏ జంతువు ఎప్పుడు ఏం చేస్తుంది, ఎంత దూరంలో నిలబడాలి, చేతిలో ఏముండాలి. తన పనిలో నిపుణుడైన మనిషిని చూస్తూ జాలిపడటం సాధ్యం కాదు. శ్రమజీవుల గురించి రాసిన చాలా కథల్లో శ్రమ ఉంటుంది గానీ పని ఉండదు. చెమట కనిపిస్తుంది, చేతుల్లో ఉన్న విద్య కనిపించదు. ఆ విద్య తెలియకుండా రాసినప్పుడు ఎంత మంచి ఉద్దేశమైనా బయటివాడి చూపుగానే మిగిలిపోతుంది.

ఈ బయటివాడి చూపు తెలుగులో పాత సమస్యే. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో 'మాలపల్లి' ప్రచురించినప్పుడు, ఊరి చివర వాడలోని కుటుంబాన్ని నవలకు కేంద్రం చేయడమే సాహసం. జైలులో రాసిన ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది కూడా. అయినా ఇప్పుడు చదివితే రామదాసు ఋషిలా కనిపిస్తాడు. గౌరవించదగినవాడని పాఠకుణ్ణి ఒప్పించడానికి అతన్ని అంత ఎత్తులో నిలబెట్టవలసి వచ్చింది. ఋషిత్వం లేనివాడికి ఆ గౌరవం దక్కదా అనే ప్రశ్నకు ఆ నవలలో చోటు లేదు. 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చేసరికి మాట్లాడే మనిషి మారాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోనే వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. పూజారి లేని సమయం చూసి చెవిలో చెప్పమంటాడు. అశుభమని అందరూ తరిమే గబ్బిలానికి ఉన్న ప్రవేశం తనకు లేదన్న సంగతిని ఆ కథానాయకుడు ఎంత చమత్కారంగా, ఎంత కోపంతో చెబుతాడో! పైగా జాషువా ఎంచుకున్నది 'మేఘదూతం' దారిలోని సందేశకావ్య రూపం, పండితులు నెత్తిన పెట్టుకునే పద్యం. తనను గడప ఎక్కనివ్వనివాళ్ళు ఆ పద్యాల ధారకు తలలూపక తప్పలేదు, తలూపినప్పుడల్లా అతని మాటను తమ నోటితో పలకకా తప్పలేదు. పద్యాన్ని పైకి చదువుకునే అలవాటున్న సమాజంలో ఇది చిన్న సంగతి కాదు.

అయితే బయటివాళ్ళు ఎవరూ ఇతరుల గురించి రాయకూడదా? అలా అంటే చాసో కథా ఉండదు, టాల్‌స్టాయ్ గుర్రమూ ఉండదు. రాయవచ్చు, కాని ఆ జీవితం నుంచి వచ్చినవాళ్ళు తామే రాయడం మొదలుపెట్టాక బయటివాళ్ళ రచనల్లో ఏది నిలుస్తుందో, ఏది తేలిపోతుందో త్వరగానే తెలిసిపోతుంది. 1993లో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' తెలుగు పాఠకులకు చేసిన మేలు ఇది. గోగు శ్యామల కథల్లో చాలాచోట్ల పిల్లల కళ్ళతో కనిపించే మాదిగ వాడలో అన్యాయం ఉంది, దానితో పాటు ఆటలున్నాయి, పొలం పనిలో ఆరితేరిన ఆడపిల్లలున్నారు, తల్లుల తెగింపు ఉంది. వాడను గురించి అంతకుముందు బయటి నుంచి రాసిన కథల్లో సంతోషం ఎంత తక్కువగా ఉండేదో వీటిని చదివాకనే గమనిస్తాం.

సంకలనాల గురించి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఒక్క నవల చదివి, ఒక సమూహం జీవితం తెలిసిపోయిందనుకునే ప్రమాదం మంచి పాఠకులకే ఎక్కువ, ఎందుకంటే ఆ నవల ఎంత బాగుంటే ఆ నమ్మకం అంత గట్టిపడుతుంది. ఆ తరువాత ఆ సమూహంలోని నిజమైన మనిషి ఎదురైనప్పుడు అతనిలో ఆ పాత్రను వెతుకుతాం, దొరకకపోతే అతనే ఏదో తప్పుగా ఉన్నాడనుకుంటాం. సంకలనంలో ఆ వీలుండదు. ఒకే అనుభవం నుంచి వచ్చిన ఒక గొంతు కసురుతుంది, పక్క పేజీలో మరొకటి నవ్వుతుంది, మూడోది మొదటిదానితో పోట్లాడుతుంది. 'వాళ్ళు ఇలా అనుకుంటారు' అనే వాక్యాన్ని మొదలుపెట్టిన పాఠకుడు రెండు పేజీలు తిప్పేలోపే దాన్ని సవరించుకోవలసి వస్తుంది, ఇంకో రెండు పేజీలు తిప్పితే ఆ సవరణనూ కొట్టివేయవలసి వస్తుంది.